చెకుముకి తుపాకి

తెలుగువాడు అచ్చ తెనుగనుకుని వాడుకునే మాటల్లో ఎన్ని సముద్రాలు దాటి వచ్చినవో లెక్క తీస్తే మనకే ఆశ్చర్యం వేస్తుంది. ఉదాహరణకి "చెకుముకి తుపాకి" అన్న జంటనే తీసుకోండి. చెకుముకి అంటే ఒకప్పుడు పొలంగట్టు మీద కూచుని చుట్ట వెలిగించుకునే ముసలాయన బొడ్లో దోపుకున్న సంచిలోని సరంజామా. చిన్న ఉక్కుముక్క, గుప్పిట్లో ఇమిడే రాయి, చిటికెడు దూది. ఇంతకన్న పల్లెటూరి తెలుగు వస్తువు ఇంకేముంటుందనిపిస్తుంది. కాని ఉర్దూవాళ్లు దాన్ని చక్మక్ అంటారు. ఆ చక్మక్ పుట్టిల్లు టర్కీ భాష. కొట్టి నిప్పు రాల్చడమని దానర్థం. ఈనాటికీ ఇస్తాంబూలు వీధిలో సిగరెట్టు లైటరు కావాలంటే చాక్మాక్ అనే అడగాలి. తుపాకి సంగతీ అంతే. వాళ్ల తుఫెక్ మన నోట తుపాకి అయి కూచుంది. వాళ్లు చాక్మాక్లీ తుఫెక్ అంటే మనం చెకుముకి తుపాకి అంటున్నాం. అంతే తేడా!

ఈ రాకపోకలు ఒక్క మాటలతోనే ఆగలేదు లెండి. 1526లో పానిపట్టులో బాబరు పక్కన నిలబడి ఫిరంగులు పేల్చిన నిపుణుల్లో ఒకడి పేరు ముస్తఫా రూమీ. బిజాపూరు కోట మీద ఈనాటికీ నోరు తెరుచుకుని పడుకున్న మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని 1549లో పోతపోసినవాడు మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ. రూమీ అంటే ఆ రోజుల్లో టర్కీ రాజ్యం నుంచి వచ్చినవాడని. ఆ రాజ్యాన్నే చరిత్రలో ఆటోమన్ సామ్రాజ్యమంటారు. ఇస్తాంబూలు రాజధానిగా ఇటు బాగ్దాదు నుంచి అటు బెల్‌గ్రేడు దాకా ఏలిన రాజ్యం. హైదరాబాదు వాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. 1931లో ఆ వంశపు ఆడపడుచులు ఇద్దరు నిజాం ఇంటి కోడళ్లయ్యారు. వారిలో ఒకరి పేరే నీలోఫర్ ఆస్పత్రికి ఉంది.

ఇంతకీ ఈ చెకుముకి తుపాకి ఎలా పేలుతుంది? తుపాకి గుర్రం నోట్లో ఒక చెకుముకి రాయి బిగించి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే గుర్రం ముందుకు దూకి, ఎదురుగా నిలబెట్టిన ఉక్కుపలకను గీరుతుంది. గీరిన వూపుకి పలక వెనక్కి తెరుచుకుంటుంది. దాని అడుగునున్న చిన్న గిన్నెలో రంజకం, అంటే మెత్తటి తుపాకిమందు, ఉంటుంది. నిప్పురవ్వలు అందులో పడతాయి. ఆ మంట గొట్టానికున్న సన్నటి బెజ్జం గుండా లోపలికి పాకి అసలు మందును అంటిస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరగాలి. వాన పడిందా, గాలి వీచిందా, రాయి అరిగిందా, ఇక అంతే సంగతులు! అయినా వత్తి ముట్టించి పట్టుకు తిరిగే పాత తుపాకులకంటే ఇది వెయ్యిరెట్లు నయం. చీకట్లో వత్తి నిప్పు శత్రువుకి కనబడదు గదా. మన దేశంలో చాలా సంస్థానాల్లో వత్తి తుపాకులే చాలాకాలం నడిచాయి గాని, ఆటోమన్లు మటుకు పదిహేడో శతాబ్దం గడిచేసరికి చెకుముకికి బాగా అలవాటుపడిపోయారు.

పాత తుపాకి ఒకటి ఎదటపడితే అది టర్కీదో కాదో పోల్చుకోవడమెలాగ? నన్నడిగితే మొదట చూడవలసింది దాని స్ప్రింగు. నిప్పు పుట్టించే యంత్రభాగాన్ని లాక్ అంటారు. ఇంగ్లీషు, ఫ్రెంచి తుపాకుల్లో లాక్ తాలూకు పెద్ద స్ప్రింగు లోపలెక్కడో కర్రలో దాక్కుని ఉంటుంది. టర్కీ పొడుగు తుపాకుల్లో చాలావాటికి అది బయటే, పలక మీద, అందరికీ కనబడేట్టు బిగించి ఉంటుంది. ఈ తరహా లాక్‌కి మికెలెట్ అని పేరు. స్పెయిన్, ఇటలీల వైపు పుట్టి, మధ్యధరా సముద్రం చుట్టూ వ్యాపించింది. చూడడానికి కాస్త మోటుగా ఉంటుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మోటుదనంలో సుళువుంది. స్ప్రింగు విరిగితే పల్లెటూరి కమ్మరికీ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

రెండోది ట్రిగ్గర్. ఈ పొడుగు తుపాకుల్లో చాలావాటికి అది చిన్న గుండీలా, గోళీలా ఉంటుంది. దాని చుట్టూ వేలికి రక్షణగా ఉండవలసిన ఇనుప కమ్మీ ఉండదు. మూడోది మడమ. అసలైన టర్కీ తుపాకి మడమ బరువుగా, అయిదు పలకలుగా చెక్కి ఉంటుంది. దాని మీద దంతపు చుక్కలు, ఇత్తడి చుక్కలు ముగ్గు పెట్టినట్టు పొదుగుతారు. గొట్టం వెనకవైపు గురి చూసేందుకు ఒక చిన్న పలక నిలబడి ఉంటుంది. దానికి ఒకదాని మీద ఒకటిగా కొన్ని బెజ్జాలు. దగ్గరి గురికి కింద బెజ్జం, దూరపు గురికి పై బెజ్జం. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లుంటే ఆ తుపాకిని షిష్‌హానే అంటారు. పారసీలో షష్ అంటే ఆరు, ఖానా మనకు తెలిసిన ఖానాయే. ఆరు గాళ్లదని అర్థం. పేరుకి ఆరేగాని, లెక్కపెడితే ఏడో ఎనిమిదో తేలడం కద్దు. అయితే గొట్టంలోకి తొంగిచూసే ముందు చెయ్యవలసిన పని ఇంకొకటుంది. అది తర్వాత చెబుతాను. అందాకా తొంగిచూడకండి.

ఇంతవరకు చెప్పింది ఇస్తాంబూలు తరహా. సామ్రాజ్యం పెద్దది కాబట్టి ఊరికో తీరు. అల్బేనియా వాళ్ల తుపాకి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మడమ చేపతోకలా విచ్చుకుంటుంది. కర్రన్నది బయటికి కనబడకుండా ఇత్తడి రేకో వెండి రేకో తొడుగుతారు. మోంటెనీగ్రో, హెర్జగొవీనా కొండల్లోవాళ్లు కర్ర నిండా ముత్యపుచిప్ప పొదిగి, దాన్ని జెఫెర్దార్ అన్నారు. మన జవాహిరీ, ఆ జెఫెర్దార్ ఒకే ఇంటి పిల్లలు. కాకసస్ పర్వతాలవాళ్లది నాజూకైన కర్ర, సన్నటి మడమ. వాళ్ల లాక్ కూడా మికెలెట్టే, ట్రిగ్గర్ కూడా గోళీయే. అందుకని బేరగాళ్లు అన్నిటినీ కలిపి "టర్కీ తుపాకి" అని ఒకే గాటన కట్టేస్తారు. మడమ పట్టుకు చూస్తే తేడా తెలిసిపోతుంది.

పిస్తోళ్ల విషయంలో నాకు భలే నచ్చిన గుర్తు ఒకటుంది. గొట్టంలో మందు దట్టించడానికి ఒక చువ్వ కావాలి గదా. యూరపు పిస్తోళ్లలో అది గొట్టం కిందే దూర్చి ఉంటుంది. బాల్కన్ ప్రాంతపు పిస్తోళ్లలో గొట్టం కింద చువ్వలాంటిది కనిపిస్తుంది గాని లాగితే రాదు. అది కర్రలోనో రేకులోనో చెక్కిన బొమ్మచువ్వ! అసలు చువ్వను మనిషి విడిగా తగిలించుకునేవాడు. దానికీ వెండి పిడి, నగిషీ, పటాటోపం. ఇది తెలియని కొత్త కొనుగోలుదారు చువ్వ ఇరుక్కుపోయిందనుకుని పట్టకారుతో గుంజి, రెండు వందల ఏళ్ల పనితనాన్ని పెళ్లగించిన సందర్భాలున్నాయి.

ఇక పేర్లు. ఈ తుపాకుల మీద పేరు చూసి నమ్మితే నట్టేట మునిగినట్టే. ఇటలీలో బ్రెషియా దగ్గర గార్దోనే అనే ఊళ్లో లాజరీనో కొమినాజో అని గొట్టాలు చేసే ఘనాపాటీ ఉండేవాడు. ఆయన గొట్టం తేలిక, గట్టి. దాంతో మధ్యధరా తీరమంతా ఎవడు గొట్టం చేసినా ఆయన పేరే కొట్టేవాడు. అక్షరం ముక్క రానివాడు చూసి చెక్కడం వల్ల అందులో అక్షరాలు తారుమారయ్యేవి, కొన్ని ఎగిరిపోయేవి. లండన్ పేరుకీ అదే గతి పట్టింది. మన సంతలో నకిలీ కంపెనీ గడియారాలు అమ్మినట్టే. నా మటుకు నాకు, తప్పుల్తో ఉన్న ఆ పేరే ముచ్చటగా ఉంటుంది. అది అబద్ధమే కావచ్చు. కాని ఆ ఊరి కమ్మరి ఎవణ్ణి గొప్పవాడనుకున్నాడో అది చెబుతోంది.

సొంత ముద్రలు వేరే ఉంటాయి. అరబ్బీ లిపిలో "అమలె ఫలానా" అని ఉంటే, ఫలానావాడు చేసినదని అర్థం. మన కచేరీల్లో "అమలు" ఉందే, అదే మాట. "సాహిబ్ ఫలానా" అని ఉంటే అది తుపాకి యజమాని పేరు. దీన్ని చూసి ఎవరో దొరగారి తుపాకి అని పొంగిపోనక్కర్లేదు. ఆ భాషలో సాహెబంటే సొంతదారు, అంతే. ఇస్తాంబూలులో హగియా ఐరీన్ అనే పురాతన క్రైస్తవాలయాన్ని సుల్తానులు ఆయుధాగారంగా వాడుకున్నారు. అక్కడ నిలవచేసిన ఆయుధాల మీద ప్రత్యేకమైన ముద్ర ఒకటి కొట్టేవారు. ఆ ముద్ర ఉన్న ఆయుధానికి వేలంపాటల్లో విలువ పెరుగుతుంది.

సంవత్సరం హిజ్రీ లెక్కలో వేస్తారు. చాంద్రమానం కాబట్టి దాని ఏడాది మన ఏడాదికంటే పదకొండు రోజులు చిన్నది. లెక్క తేలికే. ఆ అంకెలోంచి నూటికి మూడు వంతున తీసేసి, 622 కలపండి. 1215 ఉందనుకోండి. ముప్పై ఆరు తీసేస్తే 1179. దానికి 622 కలిపితే 1801. సరిగ్గా చెప్పాలంటే హిజ్రీ 1215 మొదలైంది 1800 మే నెలలో. ఒక్క జాగ్రత్త, అరబ్బీ అంకెల్లో గుండ్రంగా సున్నాలా ఉండేది అయిదు. సున్నా అంటే ఒట్టి చుక్క.

ఈ 1215 నేను ఊరికే ఎత్తుకున్న అంకె కాదు. హైదరాబాదు పాతబస్తీలో నాకొక మిత్రుడున్నాడు. సాహెబుగారనే పిలుస్తాం. ఆయన ఇంట్లో తరతరాలుగా గోడకి వేలాడుతున్న తుపాకి మీద ఉన్న సంవత్సరమది. వాళ్లబ్బాయి దాన్ని 1210 అని చదివి పెట్టుకున్నాడు. పాపం, ఆ గుండ్రటి అయిదు చేసిన మోసం!

తుపాకి వెనక కథ ఉంది. 1914లో మొదలైన ప్రపంచ యుద్ధంలో నిజాం లాన్సర్ల దళం ఈజిప్టుకీ పాలస్తీనాకీ వెళ్లింది. ఢిల్లీలో తీన్‌మూర్తి అని మూడు విగ్రహాలున్నాయే, వాటిలో ఒకటి ఆ హైదరాబాదు లాన్సర్లదే. మిగతా రెండూ జోధ్‌పూర్, మైసూరు దళాలవి. సాహెబుగారి తాత ఆ దళంలో సవారు. పాలస్తీనాలో టర్కీ సైనికుడొకడు ఈ తుపాకి ఎక్కుపెడితే, తాత గుర్రం మీంచి వంగి దాన్ని వాడి చేతుల్లోంచి లాగేసుకున్నాడని ఇంటిల్లిపాదీ చెబుతారు. పెళ్లిళ్లలో, పండగల్లో ఆ కథ చెప్పకుండా భోజనాలు లేవవట.

నన్ను చూడమని పిలిచింది మనవరాలి పెళ్లికి ముందు. వెళ్లేసరికి తుపాకి అద్దంలా మెరుస్తోంది. నాకు గుండె గుభేలుమంది.

"బాగుందాండీ?" అన్నాడు సాహెబుగారు.

"ఎవరు తోమారండీ?"

"గొట్టం బజారులో ఇచ్చాం. ఇత్తడి పట్టీలు ఇంట్లోనే, చింతపండూ ఇటుకపొడీ వేసి..."

మన ఇళ్లలో ఇత్తడి బిందెకి చింతపండు మంచిదే. తుపాకి ఇత్తడికి మటుకు అది విషం. చింతపండు పులుపు కొన్నివందల ఏళ్ల గోధుమరంగు పొరను తినేస్తుంది. ఇటుకపొడి చెక్కుడుపనిని అరగదీస్తుంది. ఇత్తడికి బంగారు పూత ఏమైనా మిగిలి ఉంటే అదీ పోతుంది. బజారువాడు గొట్టానికి ఏకంగా గరుకుకాగితమే పట్టించాడు. వెనకవైపు ముద్రలో "అమలె" అన్నంతవరకు చదవగలిగాం. ఆ తర్వాత, చేసినవాడి పేరు ఉండవలసిన చోట, తెల్లటి గీతలు. ఎవడో కమ్మరి, రెండు వందల ఇరవై ఏళ్ల కిందట, నేను చేశానని చెప్పుకున్న ఒక్క మాట. అది ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. సంవత్సరం విడిగా వెండితో లోతుగా పొదిగి ఉంది కనక బతికి బయటపడింది.

అందుకని పాత తుపాకి మీ ఇంట ఉంటే ముందు చెయ్యవలసింది తోమడం కాదు. మందు ఉందో లేదో చూడడం. నవ్వకండి. నల్లమందు, అంటే సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన తుపాకిమందు, పొడిగా ఉంటే వందేళ్లయినా చావదు. మందు దట్టించి మరిచిపోయిన తుపాకులు గోడల మీదనే మూడు తరాలు గడిపిన ఉదంతాలున్నాయి. పరీక్ష తేలిక. గొట్టం మూతిని మనుషుల వైపు కాకుండా పట్టుకుని, సన్నటి చెక్కపుల్ల నెమ్మదిగా లోపలికి జారవిడవండి. ఆగినచోట, మూతి దగ్గర పుల్ల మీద గుర్తు పెట్టండి. అదే పుల్లను బయట గొట్టం పక్కన ఆనించి చూడండి. పుల్ల కొస రంజకపు బెజ్జం దాకా రావాలి. అంగుళమో రెండంగుళాలో ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఉంటే మీరు పొడవద్దు, వేడి చెయ్యవద్దు, డ్రిల్లు అసలే వద్దు. ఆయుధాల పని తెలిసినవాణ్ణి పిలవండి. చట్టం మాట కూడా ఒకటుంది. 1959 నాటి ఆయుధాల చట్టం, బాగుచేసినా పేలని పాత ఆయుధాలనే వదిలిపెడుతుంది. పేలే అవకాశమున్నదాని సంగతి పోలీసు స్టేషనులో చెప్పి ఉంచడం మంచిది. నూరేళ్లు దాటిన పురావస్తువును దేశం దాటించకుండా 1972 నాటి చట్టం మరొకటుంది.

ఖాళీ అని తేలాక కూడా గుర్రం ఎక్కించి టిక్కు టిక్కుమని కొట్టి చూడకండి. పిల్లలకే కాదు, పెద్దలకీ ఈ సరదా పోదు. పాత స్ప్రింగు లోపల ఎక్కడ సన్నటి బీట ఉందో పైకి తెలియదు. విరిగితే అటువంటిది మళ్లీ చెయ్యడం కష్టం. మరలు ఊడదియ్యాలనే ఉబలాటం వేస్తే చేతులు వెనక్కి కట్టుకోండి. అవి ఒక్కొక్కటీ చేత్తో చేసినవి. ఒకదాని చోట ఒకటి పట్టదు. తప్పనిసరై తీస్తే, అట్టముక్కకి వరసగా కన్నాలు చేసి ఏ మర ఎక్కడిదో అందులో గుచ్చుకోవాలి.

తుప్పులో రెండు రకాలున్నాయి. వేలికి ఎర్రగా అంటుకునేది బతికి ఉన్న తుప్పు, అది తింటూనే ఉంటుంది. గోధుమ నలుపుగా గట్టిపడిపోయిన పొర వయసు తెచ్చిన రంగు. దాన్ని ముట్టుకోవద్దు. ఎర్రతుప్పు మీద గడియారాలకు వేసే పలచటి నూనె చుక్క పెట్టి, ఒకరోజు నాననిచ్చి, మెత్తటి గుడ్డతోనో చెక్క పుల్లతోనో తీయండి. కొబ్బరినూనె, ఆముదం పనికిరావు. నాలుగు రోజుల్లో జిగటై దుమ్ము పట్టేస్తాయి. మెలితిప్పి అతికిన ఇనుముతో చేసిన గొట్టాల మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. అవి పైపైని పొరలోనే కనబడతాయి. పాలిషు చక్రానికి పెడితే చారలు మాయం, మిగిలేది నీళ్లగొట్టం.

వెండి మీద నల్లటి లతలు కనిపిస్తే అది మురికి అనుకునేరు. దాన్ని సవాత్ అంటారు. వెండిలో గాడి చెక్కి నల్లటి మిశ్రమం కరిగించి నింపుతారు. మన బీదరుపనిలో నలుపు మీద తెలుపు. ఇక్కడ తెలుపు మీద నలుపు. వెండిపాత్రలు తోమే పొడితో తోమితే లతలన్నీ లేచిపోతాయి. దంతానికీ ముత్యపుచిప్పకీ నీళ్లు తగలనివ్వకూడదు. చెమట చేత్తో ఇనుము పట్టుకుంటే వేలిముద్ర తుప్పై తేలుతుంది కనక చేతికి తొడుగు మంచిది. తోలు ఒరలో, మఖమలు పెట్టెలో దాచడం చూడ్డానికి హుందాగా ఉంటుంది గాని, తోలులోని ఆమ్లం, మఖమలులో నిలిచే చెమ్మ కలిసి లోపలే తినేస్తాయి. గాలి ఆడేచోట, వంటింటి పొగకీ కిటికీ ఎండకీ దూరంగా ఉంటే చాలు.

సాహెబుగారి తుపాకి విషయంలో అసలు ఇబ్బంది నాకు ఇంకొకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ సైనికుడి చేతిలో ఉన్నది మౌజర్ రైఫిల్. చెకుముకి తుపాకులను ఆ సైన్యం అప్పటికి యాభై ఏళ్ల ముందే అటకెక్కించింది. 1826లో జానిసరీ దళాలను రద్దుచేసి సుల్తాను మహమూదు కొత్త సైన్యం పెట్టినప్పటినుంచీ పాత తుపాకులు బజారు దారి పట్టాయి. ఇస్తాంబూలు అంగళ్లలో యాత్రికులకు అమ్మడానికే దుమ్ము దులిపి పెట్టేవారు. లాక్ ఒకచోటిది, గొట్టం ఒకచోటిది కలిపి కుట్టినవీ ఉండేవి. సాహెబుగారిది అటువంటి అతుకుల బొంత కాదు. లాక్, గొట్టం, కర్ర పుట్టుకతో ఒకటే. మడమ దగ్గర చీలిన కర్రకి ఎవడో రాగి మేకులు కొట్టి రేకు చుట్టాడు. వాడకంలో ఉండగా చేసుకున్న మరమ్మతు అది. అంత మంచిది. కాని 1918లో సైనికుడి చేతిలోంచి లాక్కున్నది మాత్రం కాదు. బజారులో కొన్నదై ఉండాలి.

చెప్పాలా మానాలా అని కాసేపు తటపటాయించాను. పెళ్లివారిల్లు. అయినా అడిగింది ఆయనే కదా. చెప్పాను.

సాహెబుగారు తుపాకి వంక చాలాసేపు చూశాడు. "అంటే డబ్బిచ్చి కొన్నాడంటారా?" అన్నాడు.

"అలాగే కనిపిస్తోందండీ."

"మా తాత పైసా ఖర్చు పెట్టేవాడు కాదండీ. ఊరినుంచి చార్మినారుదాకా నడిచే వచ్చేవాడు. అలాంటివాడు యుద్ధం మధ్యలో, తిరిగి ఇంటికి వస్తాడో రాడో తెలియనప్పుడు, సొంత డబ్బు పెట్టి దీన్ని కొని, ఓడలో మోసుకొచ్చాడా?" అని లేచి లోపలికి కేకేశాడు, వాళ్లబ్బాయి కోసం.

రాగి మేకుల రేకు తీయించి కొత్త కర్ర వేయిద్దామని అబ్బాయి ఉద్దేశం. వద్దన్నాను. తోమిన ఇత్తడి పట్టీల మీద చింతపండు పులుపు మిగలకుండా తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరబెట్టి, పలచగా మైనం పట్టించాం. ముగ్గురం కలిసి దాన్ని వీధివైపు గోడ మీంచి తీసి, చెమ్మ తగలని లోపలి గోడకి రెండు చెక్కమేకుల మీద ఆనించాం. వానాకాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి దించి చూడమని చెప్పాను. మొన్న శ్రావణంలో ఫోను చేశాడు. వేలికి ఎరుపు అంటలేదట.